పంచకోశ నాట్య సరస్వతి

"కళాకారులను గౌరవించని జాతిని చరిత్ర ఎన్నటికీ క్షమించదు!"

ఆ శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలకు కువైట్ ఫింటాస్‌లోని మా ఇంట్లో నాగేంద్రప్రసాద్ మామ ఈ ప్రకటన చేశాడు. చేసే సమయానికి ఆయన ఒంటి మీద పైన కోటు, టై, కింద మా నాన్న గళ్ళ లుంగీ ఉన్నాయి. టిఫిన్ తింటుంటే ప్యాంటు మీద సాంబారు ఒలికింది. దాన్ని మా అమ్మ ఉతికి బాల్కనీలో ఆరేసింది. అయినా ప్రకటనలో గాంభీర్యం ఏమాత్రం తగ్గలేదు.

"క్షమించేదానికి గడువు ఎప్పటిదాకా ఇచ్చినారు?" అని అడిగాడు మునీంద్ర చిన్నాన్న, చట్నీ వేసుకుంటూ. ఆయన ఒక టైపింగ్ సెంటర్లో వీసా కాగితాలు కొడతాడు. ఆయన లోకంలో గడువు లేని వస్తువు లేదు.

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురం. నాగేంద్రప్రసాద్ మామ, గల్ఫ్ రాయలసీమ కళావైభవ సమాఖ్య వ్యవస్థాపక అధ్యక్షుడు. వారంలో మిగిలిన ఆరు రోజులూ ఒక క్యాటరింగ్ కంపెనీ ఉల్లిగడ్డల గోడౌన్‌కు తాళం తీసి, తాళం వేస్తుంటాడు. మునీంద్ర చిన్నాన్న, ప్రధాన కార్యదర్శి. మా నాన్న చిన్నపుల్లయ్య, లాండ్రీలో సూపర్‌వైజరు, సమాఖ్యకు ఉపాధ్యక్షుడు. మా అమ్మ సుధారాణి, మహిళా విభాగం. విభాగానికి అధ్యక్షురాలు కాదు, విభాగమే మా అమ్మ. తర్వాత నేను. నాకు పదవి లేదు, చేతిరాత ఉంది. పదో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివి వచ్చినందుకు కువైట్‌లో నాకు దక్కిన గౌరవం అదొక్కటే. ఆరో మనిషి సోఫా చివర, ఒళ్ళో నల్ల హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, కాళ్ళు నేలకు ఆనీ ఆనకుండా కూర్చున్న సంజీవమ్మ పెద్దమ్మ. ఆమె కళాకారిణి. అంటే, నిన్న సాయంత్రం నుంచి.

సమాఖ్య పుట్టి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో తొమ్మిది సన్మానాలు చేసింది. అధ్యక్షుణ్ణి కార్యదర్శి సన్మానించాడు. కార్యదర్శిని అధ్యక్షుడు సన్మానించాడు. ఇద్దరినీ కలిపి మా నాన్న సన్మానించాడు. ముగ్గురూ కలిసి మా అమ్మ పులిహోరను సన్మానించారు. మా సోఫా మీద పరిచింది నాన్న మొదటి శాలువా. వంటగదికి తలుపు లేదు కాబట్టి అక్కడ అడ్డంగా వేలాడుతున్నది రెండోది.

అంతా సవ్యంగా సాగుతుండగా అజ్మతుల్లా సేఠ్ ఒక ప్రశ్న అడిగాడు. ఆయనది రాయచోటి, ఇక్కడ లారీల కంపెనీ ఉంది. మా వార్షికోత్సవం ఏటా కబ్ద్‌లో ఆయన అద్దెకు తీసుకున్న తోటలో జరుగుతుంది. "ఏమ్ నాగేంద్రా, పేర్లో కళ పెట్టుకున్యారు, ఒక్క ఆర్టిస్టుకన్నా శాలువా కప్పినారా?" అని ఫోన్లో అన్నాడు. తోట ఆయనది, భోజనాలు ఆయనవి. కాబట్టి ఆ ప్రశ్న చాలా లోతైనదని సమాఖ్య గుర్తించింది.

ఆర్టిస్టు కోసం వెతికితే మా నాన్నకు గుర్తొచ్చింది. "మన సంజీవమ్మక్క వయసులో ఉన్నెప్పుడు స్టేజీ మీద ఆడేదంటనే!"

సంజీవమ్మ పెద్దమ్మ రుమైథియాలో ఒకే ఇంట్లో ఇరవై ఆరేళ్ళు వంట చేసింది. సెలవు దొరికిన శుక్రవారం మా ఇంటికి వచ్చి మా అమ్మతో మాట్లాడి పోయేది. మొన్న ఆ ఇంటి యజమానురాలు, పెద్దమ్మ 'మామా' అని పిలిచే ముసలామె, చనిపోయింది. పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. పెద్దమ్మ ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా క్యాన్సిల్ చేయించుకుని మంగళవారం శాశ్వతంగా ఇండియాకు పోతోంది. ఇంత అనువైన కళాకారిణి మళ్ళీ దొరకదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆమె ఏం ఆడేదో మాత్రం ఎవరూ అడగలేదు. గురువారం సాయంత్రానికల్లా రెండు వందల ఫోన్లకు పూల బొమ్మలతో సందేశం పోయింది: "నాట్య సరస్వతి శ్రీమతి సంజీవమ్మ గారికి ఘన సన్మానం." మా సమాఖ్యలో బిరుదు ముందు వస్తుంది, కారణం వెనకాల వస్తుంది. ఆ కారణాన్ని కనుక్కోవడానికే శుక్రవారం ఉదయం కూర్చున్నారు.

సన్మాన పత్రం రాసే పని నాది. మునీంద్ర చిన్నాన్న మిషన్లో తెలుగు అక్షరాలు లేవు. బంగారు అంచు ఉన్న అట్ట కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. ఒక్కటే ఉంది, తప్పు రాయకూడదన్నారు.

"చెప్పక్కా, నీ గురువుగారి పేరు?" అని మొదలుపెట్టాడు నాగేంద్రప్రసాద్ మామ.

"గురువు యాడుండాడు అబ్బీ? ట్రూపు ఓనరు ఉండె. ఓబులేసు మేస్త్రీ."

"బ్రహ్మశ్రీ ఓబులేశ్వర శాస్త్రి గారు. చిత్తుకాగితం మీద రాసుకో పాపా."

"శాస్త్రి కాదబ్బీ, మేస్త్రీ. ట్రూపు పెట్టకముందు గోడలు కట్టేటోడు."

"శిల్పశాస్త్రం కూడా తెలుసన్నమాట! భలే. సంప్రదాయం ఏది? కూచిపూడా, భరతనాట్యమా?"

"రికార్డు డాన్సు," అంది సంజీవమ్మ పెద్దమ్మ.

మా నాన్న ఇడ్లీలోకి తొంగిచూశాడు. మా అమ్మ అందరికంటే ముందు తేరుకుంది.

"చిట్టీ, టీ పొంగుతాదేమో చూడు పో."

పొయ్యి మీద టీ లేదు. అయినా పోయి చూశాను. శాలువాకు ఇవతల నిలబడితే ముందుగదిలో మాట చక్కగా వినబడుతుంది. సన్మానాల శాలువాలు చాలా పలచగా ఉంటాయి.

"అక్కా, ఆ మాట మటుకు యాడా అనగాకు," అని మామ గొంతు తగ్గించాడు. "ఫ్యామిలీలు వస్తాండారు."

"నేను చేసింది అదే గదా అబ్బీ!"

"అసుంటియి మేమెవ్వురం చూసినోళ్ళం కాదు. మా ఇంట్లో ఆ పేరెత్తితే మా నాయన పండ్లు రాలగొట్టేటోడు."

"అసలు అదేందో కూడా మాకు తెలీదు," అన్నాడు మునీంద్ర చిన్నాన్న.

"నేనైతే ఇప్పుడే వింటాండా," అన్నాడు మా నాన్న.

పెద్దమ్మ హ్యాండ్‌బ్యాగు జిప్పు ఒకసారి తీసి, ఒకసారి వేసింది. "నేనొక మాట చెప్తా. ఇరవై ఆరేండ్లు నా బతాకా కార్డు మీద అరబ్బీలో పనిమనిషి అని ఉండె. నిజమే, పనిమనిషినే. దానికి ముందర పద్దెనిమిదేండ్లు, రాయచోటి కానీ, జమ్మలమడుగు కానీ, యాడ తిరునాల జరిగితే ఆడ స్టేజీ ఎక్కినా. ఆ పద్దెనిమిదేండ్లకు నా దగ్గిర ఒక్క కాయితం లేదు. గోడల మీద సున్నంతో నా పేరు రాసేటోళ్ళు. వాన పడితే పొయ్యేది. మంగళవారం ఇంటికి పోతాండా. ఒక కాయితం తీసకపోవాల. దాంట్లో రెండే రెండు ఉండాల. మిస్ కమలాపురం అని నా పేరు. ఐదు చీరల డాన్సు అని నా పని. ఆ రెండూ ఉంటే వస్తా. లేకుంటే నన్ను రుమైథియాలో దింపండి, సామాన్లు సర్దుకోవాల."

"కమలాపురం మీ ఊరా అక్కా?" అని అడిగింది మా అమ్మ, ఉండబట్టలేక.

"మాది లక్కిరెడ్డిపల్లె పక్కన సుధా. సొంతూరి పేరు చెప్తే ఎవురొస్తారు? కమలాపురంలో ఆడిన దినం మటుకు మిస్ ప్రొద్దుటూరు అని రాసినారు."

సందేశాలు రెండు వందల ఫోన్లకు పోయాయి. సేఠ్ మూడు గంటలకు వస్తాడు. కళాకారిణి రాకపోతే మళ్ళీ అధ్యక్షుణ్ణే సన్మానించాలి, ఆయనకు ఇప్పటికే మూడయ్యాయి. "అట్లే అక్కా, రాస్తాం," అన్నాడు మామ. "చిట్టీ, ఇట్ల రా."

"ఐదు చీరలంటే," అని మునీంద్ర చిన్నాన్న కలం పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి, దరఖాస్తు నింపే గొంతుతో అడిగాడు, "మొదటిది ఎర్రది, రెండోది ఆకుపచ్చది. అంతే గదక్కా?"

"రెండోది పసుపుది," అన్నాడు నాగేంద్రప్రసాద్ మామ.

"ఆకుపచ్చది! చక్రాయపేట తిరునాల్లో ముందు వరసలో..." చిన్నాన్న ఆగాడు. "ముందు వరసలో కూచున్నోళ్ళు చెప్పంగా విన్నా."

"వాళ్ళు నీకు తప్పు చెప్పినారు. జరీ అంచు పసుపుది రెండోది. ఆకుపచ్చది నాలుగోది. చింతచెట్టు పైనించి ఎంత స్పష్టంగా..." మామ టై సర్దుకున్నాడు. "స్పష్టంగా కనపడేదని మా పెద్దోళ్ళు అనుకుంటాంటే విన్నా."

"పిన్నీసు ఇరుక్కునేది మూడోదానికి గదా!" అన్నాడు మా నాన్న. మా అమ్మ ఆయన వైపు చూసింది. అప్పుడే వింటున్న మనిషి మళ్ళీ ఇడ్లీ పళ్ళెం చూశాడు. అందులో ఇడ్లీ లేదు.

"పిన్నీసు ఇరుక్కోదు నాయనా, ఇరుక్కున్నట్టు చేస్తా. ఈలలు దానికే పడేది," అంది పెద్దమ్మ. "ఒక్కో చీర తిరుక్కుంటా తిరుక్కుంటా విప్పేది. ఐదోదాని కుచ్చిళ్ళు పట్టుకోంగానే మేస్త్రీ కరెంటు తీసేస్తాడు. మళ్ళా లైట్లు వేసేతలికి నేను దండం పెట్టి నిలబడుకోనుంటా. అంతే డాన్సు."

"ఐదోది తీసినాక..." అన్నాడు చిన్నాన్న, ముందుకు వంగి.

"ఆరోది ఉంటది."

"ఆరోదా!"

"మేస్త్రీ పెండ్లాం ఖద్దరు చీర. రవికెకు, లంగాకు కలిపి సూదీదారంతో కుట్టేసేది ఆమె. ఊడదీయాలంటే బ్లేడు కావాల. పద్దెనిమిదేండ్లు ఆడినా, ఒక్కడు ఏమీ చూసింది లేదు."

ముగ్గురు పెద్దమనుషుల ముఖాలూ చూడాల్సిందే. ముప్పై ఎనిమిదేళ్ళుగా దాచుకున్న వస్తువు పెట్టెలో లేదని తెలిసినట్టు ఉన్నాయి. "మా ఊర్లో అందరూ చూసినామనిరే!" అన్నాడు చిన్నాన్న నీరసంగా.

"చీకట్లో ఎవురు ఏమి చూసినామన్నా కాదనేటోడు ఉండడు గదా నాయనా," అంది పెద్దమ్మ.

నిరాశ నుంచి ముందుగా కోలుకున్నవాడు నాగేంద్రప్రసాద్ మామ. ఆయన గోడౌన్‌లో ఉల్లిగడ్డల మధ్య కూర్చుని రోజంతా ఫోన్లో వేదాంత ప్రవచనాలు వింటాడు. ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. లుంగీ జారబోతే పట్టుకున్నాడు.

"ఐదు చీరలు! ఐదు కోశాలు! అన్నమయ, ప్రాణమయ, మనోమయ, విజ్ఞానమయ, ఆనందమయ! ఒక్కోటి విడుస్తా విడుస్తా పోతే కడాన మిగిలేది ఏంది? ఆత్మ! దీపాలు ఆరిపోవడం అంటే ఏంది? అహంకార నాశనం! అక్కా, నువ్వు ఆడింది రికార్డు డాన్సు కాదు. ఉపనిషత్తు!"

మా అమ్మ రెండు చేతులూ జోడించింది. మా నాన్న తాను చూసింది... అంటే విన్నది వేదాంతమని తెలిసి స్థిమితపడ్డాడు.

"అది ఐదు చీరల డాన్సు అబ్బీ," అంది పెద్దమ్మ.

ఆమె మాట ఎవరూ వినలేదు. మామ చెప్పాడు, నేను బంగారు అంచు కాగితం మీద రాశాను:

"పుణ్యక్షేత్రోత్సవములయందు, బ్రహ్మశ్రీ ఓబులేశ్వర శాస్త్రి గారి ప్రియశిష్యురాలై, పంచకోశములను క్రమక్రమముగా త్యజించి, అంత్యమున దీపనిర్వాపణముచే అహంకార నాశనమును లోకమునకు చాటిన పంచకోశ వివేక నృత్యమునకు ఆద్యురాలగు మీకు, పంచకోశ నాట్య సరస్వతి అను బిరుదమును..."

చివర మునీంద్ర చిన్నాన్న తన వంతు కలిపాడు: "పై తెలిపిన మహిళ సత్ప్రవర్తన గలదనియు, ఆమెపై ఎట్టి కేసులూ పెండింగులో లేవనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

"మిస్ కమలాపురం రాసినావా పాపా?" అని అడిగింది పెద్దమ్మ. ఆమెకు చదవడం రాదు.

"రాసింది రాసింది," అన్నాడు మామ.

ఆమె నా వైపు చూసింది. నేను స్కెచ్ పెన్ను మూత వెతుక్కున్నాను. మూత నా చేతిలోనే ఉంది.

కబ్ద్‌కు లాండ్రీ వ్యానులో బయలుదేరాం. ముందు సీట్లలో పదవులున్నవాళ్ళు కూర్చున్నారు. వెనకాల ఇస్త్రీ చేసి ప్లాస్టిక్ కవర్లలో వేలాడదీసిన, మడమల దాకా పొడుగుండే తెల్లటి దిష్‌దాషాల మధ్య పెద్దమ్మ, నేను. వ్యాను మలుపు తిరిగినప్పుడల్లా ముప్పై మంది తలల్లేని అరబ్బులు మా మీదికి ఒరిగి, మళ్ళీ సర్దుకునేవాళ్ళు.

"చదువు పాపా," అంది పెద్దమ్మ.

చదివాను. వ్యాను మోతకు వినబడదని గట్టిగా చదవవలసి వచ్చింది. గట్టిగా చదివితే ఆ మాటలు ఇంకా ఘోరంగా ఉన్నాయి.

"అంతేనా?"

"అంతే పెద్దమ్మా. మిస్ కమలాపురం లేదు. ఐదు చీరలూ లేవు. నేనే రాశాను. రాయనని అనలేకపోయాను."

ఆమె కాగితం తీసుకుని అక్షరాలను వేలితో తడిమి చూసింది. "ముత్యాల మాదిరి ఉండాది రాత," అంది. కాగితం తిరిగి నాకిచ్చింది. కబ్ద్ దాకా నేను దిష్‌దాషాలను పట్టుకుని కూర్చున్నాను.

తోటలో రెండు వందల కుర్చీలు నిండాయి. ముందు వరసలో అజ్మతుల్లా సేఠ్, ఆయన భార్య జుబేదా బీ కూర్చున్నారు. నాగేంద్రప్రసాద్ మామ ప్యాంటు ఆరింది కాబట్టి ప్రసంగం మరింత ధాటిగా సాగింది. కళ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు, సంజీవమ్మ పెద్దమ్మ గురించి రెండు. సన్మాన పత్రం చదివాడు. పంచకోశాల దగ్గర చప్పట్లు పడ్డాయి, అహంకార నాశనం దగ్గర ఇంకా గట్టిగా పడ్డాయి. శాలువా రెండు చేతులా ఎత్తి కప్పబోయాడు.

పెద్దమ్మ ఒక్క అడుగు పక్కకు జరిగింది. ఎంత నేర్పుగా జరిగిందంటే, శాలువా మైకు స్టాండు మీద పడింది. సమాఖ్య పదో సన్మానం దానికి జరిగింది.

ఆమె మైకు దగ్గరికి వచ్చింది. "ఈ కాయితంలో ఉండే ఆమె శానా గొప్పామె మాదిరి ఉంది," అంది. "ఎవురో నాకు తెలీదు. ఆమెను పిలిపించి ఆమెకే కప్పండి. నేను వేరే మనిషిని. నా పేరు మిస్ కమలాపురం. నా పని రికార్డు డాన్సు. ఐదు చీరల డాన్సు."

తోట వెనకాల గొర్రెలు అరిచాయి.

"అక్కకు ఎండదెబ్బ తగిలింది!" అన్నాడు మామ. అప్పుడు డిసెంబరు. సగం మంది స్వెట్టర్లలో ఉన్నారు.

అజ్మతుల్లా సేఠ్ లేచాడు. మామ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. వచ్చే ఏడు తోట లేదు, భోజనాలు లేవు, సమాఖ్య లేదు.

"ఓబులేసు మేస్త్రీ ట్రూపా అక్కా?" అని అడిగాడు సేఠ్.

"ఆ."

"మీ సామాన్ల ట్రాక్టరు తోలినోడు గుర్తుండాడా? ఒకతూరి అందర్నీ పాపాఘ్ని ఏటి ఇసకలో కూరేసె."

"ఉండకేం! సన్నగా, పుల్ల మాదిరి ఉండె. మేస్త్రీతో తన్నులు తినె."

"నేనే అక్కా ఆ పుల్ల!" అని సేఠ్ తన పొట్ట మీద చెయ్యి వేసుకుని పెద్దగా నవ్వాడు. స్టేజీ ఎక్కి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "మూడు మండలాల జనం వచ్చేటోళ్ళు ఈమె కోసం! మిస్ కమలాపురం అంటే ఎవురనుకున్యారు!"

ఆ తర్వాత జరిగింది చూస్తే మా తెలుగువాళ్ళ జ్ఞాపకశక్తి మీద ఎవరికైనా గౌరవం కలుగుతుంది. రెండు వందల కుర్చీల్లో మగవాళ్ళందరికీ ఒకేసారి గుర్తొచ్చింది! ఒకాయన గాలివీడులో చూశాడు. ఒకాయన వేంపల్లెలో వరసగా మూడు రోజులు చూశాడు. వాళ్ళకు అడ్డంగా కూర్చున్న తలపాగా మనిషిని కూడా ఇంకొకాయన వర్ణించాడు. ముప్పై ఏళ్ళు నిండని ఒక కొత్త పెళ్ళికొడుకు తాను చిన్నప్పుడు ముందు వరసలో కూర్చుని చూశానన్నాడు. ఆయన చెప్పిన ఏటికి పెద్దమ్మ కువైట్ వచ్చి రెండేళ్ళు. నాగేంద్రప్రసాద్ మామ మైకు లాక్కుని, "మొదటి నుంచీ నేను మొత్తుకుంటానే ఉండా! కళకు ముసుగు వెయ్యగూడదు! నేను చింతచెట్టు ఎక్కి చూసినా! ఈ కండ్లతో, ఐదు చీరలూ, మొత్తం చూసినా!" అని చాటాడు. చప్పట్లు అహంకార నాశనం కంటే ఎక్కువ పడ్డాయి.

"అయితే కాయితం మార్చండి. నేను అసర్ నమాజు చేసుకోనొస్తా," అని సేఠ్ వెళ్ళాడు.

బంగారు అంచు కాగితం ఒక్కటే ఉంది. దాన్ని తిరగేసి వెనక రాశాను. ఈసారి ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను: "సంజీవమ్మ. మిస్ కమలాపురం. రికార్డు డాన్సరు. ఐదు చీరల డాన్సు, పద్దెనిమిదేళ్ళు." అంతే. చదివి వినిపించాను.

"ఇంకోతూరి," అంది పెద్దమ్మ. మళ్ళీ చదివాను. "అవతలి తట్టు గోడకు ఉంటది, ఇది బయటికి ఉంటది. సంతకాలు పెట్టండి అబ్బీ."

ఇక్కడ మునీంద్ర చిన్నాన్న గొంతు సవరించుకున్నాడు. "సంతకం అంటే ధ్రువీకరణ. ధ్రువీకరణ అంటే ప్రత్యక్ష పరిశీలన. చూడకుండా సంతకం పెడితే రేపు మాట వస్తుంది. కాబట్టి ఒక పరిశీలక సంఘం వేసి, మగవాళ్ళు కూచునే దివానియాలో తలుపు వేసుకోని, అక్క ఒక్కసారి ఆ నృత్యాన్ని..."

రెండు నిమిషాల్లో పరిశీలక సంఘం ఏర్పడింది. పదకొండు మంది. సమాఖ్య చరిత్రలో పిలిచిన వెంటనే కోరం దొరికిన మొదటి సమావేశం అదే. మా నాన్న కూడా సభ్యుడే. మొహమాటానికి ఒప్పుకున్నానన్నాడు.

"ముందు సంతకాలు," అంది పెద్దమ్మ. "ఇరవై ఆరేండ్లలో ఈ దేశంలో నేర్చుకున్నది అదే. కాయితం చేతికి రాకుండా పని మొదలుపెట్టగూడదు."

పదకొండు సంతకాలు పడ్డాయి. సమాఖ్య ముద్ర పడింది, తొందరలో రెండుసార్లు పడింది. పెద్దమ్మ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టి, జిప్పు వేసింది. పరిశీలకులు దివానియాలోకి పోయారు. దిండ్లు జరుపుకున్న చప్పుడు, ముందు వరస కోసం గొడవ బయటికి వినబడుతున్నాయి.

పెద్దమ్మ వరండాలో నిలబడి ఉంది. జుబేదా బీ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా ఆయన నలభై ఏండ్లుగా ఈ డాన్సు కథే చెప్తాండాడు. ఎట్లుంటదో నేను ఎరగ."

మా అమ్మ కూడా వచ్చింది. ఆమె చేతుల్లో ఐదు చీరలున్నాయి. లక్కీ డ్రాలో ఇవ్వడానికి మహిళా విభాగం తెచ్చినవి. "తిరునాల వస్తే మా నాయన మమ్మల్ని గదిలో పెట్టి బయట గొళ్ళెం పెట్టేటోడు అక్కా," అంది, ఎవరి ముఖమూ చూడకుండా. "పాటలు మటుకు వినపడేటియి. ఈలలు వినపడేటియి. అంతే."

వెనకాల ఇంకా ఆడవాళ్ళు చేరారు. పిల్లలకు అన్నం తినిపిస్తున్నవాళ్ళు, వాళ్ళను భర్తలకు అప్పజెప్పి మరీ వచ్చారు.

సంజీవమ్మ పెద్దమ్మ వాళ్ళందరినీ చూసింది. "పద్దెనిమిదేండ్లలో నా ముందర ఒక్క ఆడది కూచోలేదు సుధా," అంది. "అన్నీ మీసాలే." మా అమ్మ చేతుల్లోంచి చీరలు తీసుకుంది. ఒక్కోటీ దులిపి, బరువు చూసి, జరీ అంచు పసుపుది రెండోదిగా పేర్చింది. ఆడవాళ్ళ గది వైపు నడిచింది.

దివానియాలోంచి నాగేంద్రప్రసాద్ మామ తల బయటికి వచ్చింది. "అక్కా, అక్కా! పరిశీలన ఈ గదిలో!"

"మీకెందుకు అబ్బీ మళ్ళా?" అంది పెద్దమ్మ తిరగకుండానే. "మొత్తం చూసినామని ఇప్పుడే మైకులో చెప్తివి గదా! పదకొండు మందీ చెప్పిరి. పాపం, వీళ్ళే ఏమీ చూడలేదు."

మునీంద్ర చిన్నాన్న సాయానికని స్పీకరు ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు. జుబేదా బీ దాన్ని ఆయన చేతుల్లోంచి అందుకుని, "షుక్రన్ భాయ్," అని లోపలికి పోయింది. ఆడవాళ్ళందరూ చెప్పులు వదిలి ఒకరి వెనక ఒకరు గదిలోకి పోయారు. ఎవరో లైట్ల స్విచ్చు ఎక్కడని అడుగుతున్నారు. నేను చివర ఉన్నాను. గడపలో మా అమ్మ అడ్డంగా నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించింది. రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి చిన్నగా ఈల వేసి సరిచూసుకుంటోంది. ఆమెకు ఈల వేయడం వచ్చని నాకు పదిహేడేళ్ళుగా తెలియదు.

"అమ్మా, నేను?"

"ఇయ్యి మర్యాదస్తులు చూసేటియి కాదు చిట్టీ. పోయి మీ నాయన పక్కన కూచో," అని మా అమ్మ నా ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టింది.